గండి ఎగువన, నింద శివారున: విడుదలకు ముందే బయటపడే తెలుగు పాట

తెలుగు పాట గానీ సినిమా గానీ విడుదలకు ముందే బయటపడితే మనవాళ్లు చెప్పే చరిత్ర ఒకటే. ఇంటర్నెట్ వచ్చింది, కుర్రకారు చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, ఊళ్లలో సెల్ షాపులవాళ్లు దొంగ సరుకు అమ్మారు, పరిశ్రమ మునిగింది. ఈ కథలో దిగువ కృష్ణా డెల్టాకు ఒక చెడ్డ పాత్ర కూడా దక్కింది. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ లీకైనప్పుడు పెడన పేరు రాష్ట్రమంతా మోగింది. గుడివాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రైలుమార్గంలో, కలంకారీకీ చేనేతకూ పేరున్న ఆ చిన్న పట్టణం దొంగ డిస్కుల ఊరుగా వార్తలకెక్కింది. ఈ కథనంలో నిజం సగమే ఉందని, ఆ సగాన్నీ చివరి నుంచి మొదటికి చెబుతున్నారని నా అభిప్రాయం. పని పూర్తయిన రోజుకూ విడుదల రోజుకూ మధ్య ఉన్న ఖాళీలోనే లీకు పుడుతుంది. ఆ ఖాళీలో సరుకు ఎన్ని చేతులు మారితే అంత ప్రమాదం. దుకాణం ఆ వరసలో ఆఖరిది.

ఈ ప్రాంతానికి పాటతో బంధుత్వం పాతది. ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. సుసర్ల దక్షిణామూర్తి, వేటూరి సుందరరామమూర్తి ఇద్దరిదీ దివిసీమలోని పెదకళ్లేపల్లి. ఘంటసాల కాలంలో విడుదలకు ముందే పాట పొక్కడమన్నది దాదాపు అసాధ్యం. మద్రాసులో రికార్డయిన పాట కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో డిస్కుగా అచ్చయ్యేది. ఆ డిస్కుకు ఇంట్లో నకలు తీసే మార్గం లేదు. సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం పాటలన్నీ ఇచ్చేసి, కథను మాత్రం వెండితెర మీద చూడమనేది. ఏది ఎప్పుడు ఎంత బయటపెట్టాలన్నది అప్పట్లో పూర్తిగా నిర్మాత చేతిలో ఉండేది.

క్యాసెట్ వచ్చాక నకలు తీయడం సులువైంది. ఎనభైల నాటికి చిన్న పట్టణాల్లో కూడా రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటల చీటీ ఇస్తే సాయంత్రానికి ఎక్కించి పెట్టేవారు. కంపెనీలకు నష్టం జరిగిన మాట వాస్తవమే. కానీ మన చరిత్రకారులు ఇక్కడే తప్పు లెక్క వేస్తున్నారు. రికార్డింగ్ సెంటరువాడు నకలు తీసింది అప్పటికే విడుదలైన క్యాసెట్టును. దాన్ని లీకుకు తొలిమెట్టుగా చూపడం సరికాదు. విడుదలైన దాన్ని నకలు చేయడానికి ఒక కొట్టు చాలు. విడుదల కానిది బయటికి రావాలంటే లోపలి మనిషి ఒకరు కావాలి.

ప్రపంచ అనుభవమూ ఇదే చెబుతోంది. 1995లో ఎంపీ3 అన్న పేరు స్థిరపడింది, 1999లో పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ వచ్చింది. 2000లో మెటాలికా రాక్ బృందం ఇంకా విడుదల చేయని తమ పాట రేడియోల్లో మోగుతుండటం విని, కూపీ లాగితే అది నాప్‌స్టర్‌లో తేలింది. ఆ ఏడే వాళ్లు కోర్టుకెక్కారు. నాప్‌స్టర్ మీద బోలెడంత రాశారు గానీ, ఆ ఫైలు లోపలి నుంచి ఎలా బయటపడిందన్న ప్రశ్న మీద రాసింది తక్కువ. 2015లో స్టీఫెన్ విట్ రాసిన పుస్తకం ఆ లోటు కొంత తీర్చింది. అమెరికాలో నార్త్ కరోలినాలోని కింగ్స్ మౌంటెన్‌లో ఒక సీడీల ఫ్యాక్టరీ ఉండేది. ఏళ్ల తరబడి ఎన్నో ఆల్బమ్‌లు విడుదలకు వారాల ముందే బయటపడటానికి ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కార్మికుడే ముఖ్య ద్వారమని విట్ వివరంగా చూపించాడు. ఇంటర్నెట్ మోసింది, నిజమే. ఎత్తి ఇచ్చింది ఫ్యాక్టరీ లోపలి చెయ్యి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 2013 నాటికి బస్టాండు దగ్గరి సెల్ షాపుల్లో పాతబడిన కంప్యూటరు, దానికి తగిలించిన కార్డు రీడరు ఉండేవి. తెర మీద హీరోల పేర్లతో ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో ఏళ్లవారీగా సినిమాలు, కొత్తవి అన్నిటికంటే పైన. ఆటో డ్రైవరో, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే కుర్రాడో ఫోన్లోంచి గోరంత మెమరీ కార్డు తీసి ఇస్తే, కాసేపట్లో వందల పాటలు ఎక్కించి, కొద్ది రూపాయలు తీసుకుని పంపేవారు. అది చట్టవిరుద్ధమే. అయితే ఇంట్లో కంప్యూటరు గానీ నెట్ కనెక్షన్ గానీ లేని జనానికి పాట చేరే దారి కూడా అదే. ఆ కొట్లకు సరుకు పైనుంచి రావలసిందే. సినిమా ఎడిటింగ్ గదిలోకి పెడన కుర్రాడికి ప్రవేశం లేదు.

‘అత్తారింటికి దారేది’ పాటలు 2013 జులై 19న హైదరాబాద్ శిల్పకళావేదికలో విడుదలయ్యాయి. ఆగస్టు 7న సినిమా రావలసి ఉంది. ఈలోగా జులై 30న రాష్ట్ర విభజనకు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ నిర్ణయం వెలువడింది. సీమాంధ్ర జిల్లాల్లో సమైక్యాంధ్ర ఉద్యమం ఎగసింది. విడుదల వాయిదా పడింది, చివరకు అక్టోబరు 9 అన్నారు. దేవిశ్రీప్రసాద్ పాటలు రెండు నెలలుగా జనం నోళ్లలో నానుతున్నాయి, సినిమా జాడ మాత్రం లేదు. ఆకలి పెంచి విస్తరి వేయకుండా ఆపినట్టు అయింది. సెప్టెంబరు 22న సుమారు 90 నిమిషాల సినిమా నెట్‌లో ప్రత్యక్షమైంది. పెడనలో డిస్కులు 50 రూపాయలకు అమ్ముతున్నారని తేలి, పోలీసులు దుకాణాలపై దాడులు చేశారు.

ఈ కేసులో అందరూ గుర్తుపెట్టుకున్నది పెడన దుకాణాన్ని. కృష్ణా జిల్లా పోలీసులు అప్పట్లో వెల్లడించిన వరసను మరొక్కసారి మొదటి నుంచి చూడండి. సినిమాకు సంబంధించిన ప్రొడక్షన్ సహాయకుడి దగ్గర డిస్కులు. అక్కడినుంచి స్నేహితుడైన ఒక కానిస్టేబుల్‌కు. ఆయన నుంచి మరికొన్ని చేతులకు. చివరగా పెడన వీడియో కొట్టుకు. ఇది దర్యాప్తు అధికారుల కథనమే తప్ప కోర్టు తీర్పు కాదు. అందుకే ఇక్కడ ఎవరి పేర్లూ రాయడం లేదు. కానీ వారి కథనమే నిజమైతే, హైదరాబాద్ నుంచి పెడన దాకా సినిమా ప్రయాణించింది ఇంటర్నెట్ మీద కాదు. పరిచయాల మీద, జేబుల్లో, డిస్కుగా ప్రయాణించింది. ఎగువన కాలువకు గండి పడితే శివారు రైతును దోషిగా నిలబెట్టడం దివిసీమలో ఎవరూ ఒప్పుకోరు. పెడన విషయంలో జరిగింది అదే.

లీకు ఖాళీలోనే పుడుతుందన్న నా మాటకు ఎదురు సాక్ష్యం లేకపోలేదు. అదే ఉద్యమం వల్ల ఆగిన ‘ఎవడు’ సినిమా అంతకంటే ఎక్కువ కాలం వేచి, ఇలాంటి కేసు లేకుండానే 2014 జనవరి 12న విడుదలైంది. కాబట్టి ఖాళీ ఒక్కటే కారణమనలేం. ఆ ఖాళీలో కాపీలు ఎన్ని ఉన్నాయి, ఎవరి దగ్గర ఉన్నాయి, లెక్క ఎవరు చూస్తున్నారు అన్నది కలిస్తేనే లీకు. దుకాణదారు తప్పు కూడా తీసేయలేను. ఇంకా విడుదల కాని సినిమా అని తెలిసే అమ్మినవాడికి మినహాయింపు లేదు. కుట్ర అన్న మాట కూడా అప్పట్లో గట్టిగా వినిపించింది. పోలీసులు బయటపెట్టిన వరస వరకు చూస్తే అంత పెద్ద కుట్ర అక్కర్లేదు, అజాగ్రత్త సరిపోతుంది.

‘అత్తారింటికి దారేది’ని సెప్టెంబరు 27కే విడుదల చేశారు, ఘనవిజయం సాధించింది. దాంతో లీకు వల్ల నష్టం లేదు, ప్రచారమే అన్న వాదన బయల్దేరింది. 2011లో ‘కొలవెరి’ పాట తొలి రూపం లీకయ్యాక, నవంబరు 16న అధికారికంగా వచ్చి దేశాన్ని ఊపేయడాన్నీ ఉదాహరణగా చూపుతారు. ఈ వాదన చాలా బలహీనమైంది. గట్టెక్కినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఏరు లోతు లేదనడం ఇది. పెద్ద హీరో ఉన్న సినిమాకు అభిమానులు కాపలా కాశారు, డిస్కు చూడొద్దని ఊరూరా చెప్పారు. కొత్త సంగీత దర్శకుడి తొలి పాటకు ఆ కాపలా ఎవరు కాస్తారు?

తర్వాత జరిగింది నాకు మరీ బాధ కలిగించే విషయం. ఆడియో వేడుకలో పాటలన్నీ ఒకేసారి విడుదలయ్యే పద్ధతి దాదాపు పోయింది. ఒక్కో పాటకు ఒక్కో తేదీ, దానికి ముందు ప్రోమో, ప్రోమోకు ముందు పోస్టరు. అంటే ఒకే ఖాళీ ఉన్నచోట నాలుగైదు ఖాళీలు తెరుచుకున్నాయి. 2022 ఫిబ్రవరి 14న రావలసిన ‘సర్కారు వారి పాట’లోని ‘కళావతి’ ముందే నెట్‌లో పడింది. ఒకరోజు ముందే విడుదల చేయాల్సి వచ్చింది. సంగీత దర్శకుడు తమన్ తన ఆవేదనను ఆడియో సందేశంలో చెప్పుకున్నారు. 2023 సెప్టెంబరులో ‘గేమ్ ఛేంజర్’ పాట ‘జరగండి’ బయటపడి కేసు అయింది. ఆ పాట అధికారికంగా వచ్చింది 2024 మార్చి 27న. ఈ రెండింటిలోనూ పెడనా లేదు, మెమరీ కార్డూ లేదు. చవక డేటా వచ్చాక ఆ కొట్లకు పాటల బేరం పోయింది. లీకు మాత్రం పోలేదు. కొట్టే కారణమైతే కొట్టుతోపాటే లీకూ పోవాలి కదా.

కాపీరైట్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని కూడా కఠినం చేశారు. శిక్షలు ఉండాల్సిందే. కానీ తప్పు జరిగాక వేసే శిక్ష, జరగకముందు పెట్టే లెక్కకు బదులు కాలేదు. ప్రతి కాపీ మీద ఎవరి చేతికిచ్చారో తెలిసే గుర్తు, తక్కువ చేతులు, పని పూర్తయ్యాక తక్కువ నిరీక్షణ, అసలు కాపీని చూసుకునే చిన్న ఉద్యోగికి గౌరవమైన జీతం: ఇవి నిర్మాతలు ఈ రోజే చేయగలిగినవి. వినేవాళ్లకు నా మనవి ఒక్కటే. వాట్సాప్‌లో విడుదల కాని పాట వస్తే ఇంకొకరికి పంపకండి. చరిత్ర రాసేవాళ్లు కూడా పెడన పేరు రాసేముందు, ఆ డిస్కు పెడనకు ఏ చేతుల మీదుగా వచ్చిందో ముందు రాయాలి.