ఢిల్లీ ప్రాంతపు తాప విద్యుత్కేంద్రములు

బొగ్గు, సహజవాయువు మొదలగు ఇంధనములను దహించి, అందుండి జనించిన వేడిమిని యంత్రభ్రమణముగను, ఆ భ్రమణమును విద్యుత్తుగను మార్చు కర్మాగారములకు తాప విద్యుత్కేంద్రములని పేరు. ఢిల్లీ మహానగరమున ఇట్టివి ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమునుండి పెంపొంది, స్వాతంత్ర్యానంతరము యమునా తీరమున భారీ నిర్మాణములుగా వెలసి, నగరము తమ చుట్టును వ్యాపించిన పిదప, బొగ్గుతో నడచునవి ఒక్కటొక్కటిగా మూతపడినవి. వాని పుట్టుకను, తిరోధానమును గ్రహింపగోరువారు నిప్పును గూర్చి ఎంత తెలిసికొనవలెనో నీటిని గూర్చియు అంత తెలిసికొనవలసియున్నది.

ఉష్ణయంత్రము పనిచేయుటకు వేడియొక్కటియే చాలదనియు, పనికి వినియోగపడక మిగిలిన వేడిని స్వీకరించుటకు చల్లని స్థానమొకటి ఉండితీరవలెననియు, ఈ రెంటి ఉష్ణోగ్రతలనుబట్టియే లభ్యమగు పనికి పరిమితి ఏర్పడుననియు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాది కార్నో 1824లో నిరూపించెను. ఆవిరి 540 సెంటిగ్రేడు డిగ్రీల వేడితో ప్రవేశించి 40 డిగ్రీల యొద్ద విడువబడునెడల, లోపరహితమగు యంత్రమైనను నూటికి 61 పాళ్లకు మించి వేడిని పనిగా మార్చజాలదు. పాతతరపు బొగ్గు కేంద్రములలో వాస్తవముగా దక్కునది మూడవవంతు మాత్రమే. తక్కినదానిలో అధికభాగము నీటిలోనికే పోవును. ఇంజనీర్లు ఎంత నేర్పరులైనను ప్రకృతి విధించిన ఈ సుంకమును చెల్లింపక తప్పదు.

కేంద్రములోనికి వచ్చిన బొగ్గును మొదట మిల్లులలో మెత్తని పొడిగా విసరి, వేడిగాలితో కలిపి బాయిలరు కొలిమిలోనికి ఊదుదురు. కొలిమి నాలుగు గోడలును నీరు ప్రవహించు ఉక్కు గొట్టముల వరుసలే. వానిలో పుట్టిన ఆవిరిని మరల వేడిచేసి, వాయుమండల పీడనమునకు సుమారు నూటయేబది రెట్ల ఒత్తిడితో టర్బైనులోనికి వదలుదురు. అచ్చట ఆవిరి వ్యాకోచించుచు వరుసవరుసల రెక్కలను నెట్టగా ఇరుసు నిమిషమునకు 3000 పర్యాయములు తిరుగును. మనదేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు కలిగియుండుటకు ఈ వేగమే కారణము. ఆ ఇరుసుకే కూర్చబడిన జనరేటరులో, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణసూత్రము ననుసరించి, విద్యుత్తు జనించును. ఆవిరి టర్బైనును ఇట్టి పనికి తొలుత యోగ్యముగా తీర్చినవాడు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ పార్సన్స్. అది 1884నాటి మాట.

టర్బైను విడిచిన ఆవిరి చేరు కండెన్సరే ఈ వ్యవస్థలో జనుల దృష్టికి ఎన్నడును రాని ప్రధానాంగము. వేలకొలది సన్నని గొట్టములలో చల్లని నీరు పారుచుండగా, వాని వెలుపల ఆవిరి తగిలి నీరై జారును. ఆవిరి నీరైనప్పుడు దాని పరిమాణము అత్యల్పమగుటచే అచ్చట శూన్యప్రాయమగు స్థితి ఏర్పడి, పీడనము వాయుమండల పీడనములో సుమారు పదవవంతునకు దిగిపోవును. వెనుకనున్న ఆవిరి మరింత బలముతో టర్బైనును దాటివచ్చుటకు ఇదియే హేతువు. శుద్ధమైన ఆ నీరు తిరిగి బాయిలరునకు చేరును. వేడెక్కిన శీతలజలమును నదికి విడుచుటయో, కూలింగు టవరులో చల్లార్చి మరల వాడుటయో చేయుదురు. ఆ టవరులనుండి లేచు తెల్లని మేఘమును పొగయని భ్రమింతురు గాని అది నీటియావిరియే.

ఇక ఢిల్లీ చరిత్రకు వత్తము. అచ్చట 1905 ప్రాంతమున జాన్ ఫ్లెమింగ్ కంపెనీ చిన్న డీజిలు కేంద్రమును నెలకొల్పెను. 1911లో, అనగా రాజధానిని కలకత్తానుండి తరలింపనున్నట్లు దర్బారులో ప్రకటించిన సంవత్సరముననే, ఆవిరితో విద్యుదుత్పాదన తోడయ్యెను. పోల్చిచూచినచో, హైదరాబాదులో 1920నాటికి హుస్సేన్ సాగర్ ఒడ్డున వెలసిన కేంద్రమునకు చెరువు నీరు చెంతనే ఉండెను, సింగరేణి బొగ్గు స్వరాష్ట్రముననే లభించెను. ఢిల్లీకి యమున ఉండెను గాని బొగ్గు లేదు. దానిని ఝరియా మొదలగు తూర్పుగనులనుండి వేయి కిలోమీటర్ల దూరము రైలుపై తేవలసివచ్చెను.

1951లో రాష్ట్ర విద్యుత్ బోర్డును, 1958లో నగరపాలక సంస్థకు లోబడిన ఢిల్లీ ఎలక్ట్రిక్ సప్లయి అండర్‌టేకింగును ఏర్పడినవి. 1963లో 36 మెగావాట్ల తొలి యూనిట్‌తో ఆరంభమైన ఇంద్రప్రస్థ కేంద్రము, నగరమధ్యమున యమునను ఆనుకొని, 62.5 మెగావాట్ల యూనిట్లతో విస్తరించెను. సమీపముననున్న రాజఘాట్ కేంద్రమున 1989-90లో 67.5 మెగావాట్ల యూనిట్లు రెండు నెలకొన్నవి.

వీనిని మించినది బదర్‌పూర్ కేంద్రము. ఓఖ్లా యొద్ద యమునను వీడి పారు ఆగ్రా కాలువ 1874లో సేద్యమునకై తెరువబడినది. దాదాపు నూరేండ్ల తరువాత అదియే ఈ కేంద్రమునకు నీరొసగెను. 1973 జూలైలో మొదటి యూనిట్ నడక సాగించెను. కాలక్రమమున మొత్తము 705 మెగావాట్లకు పెరిగెను. 1978లో నిర్వహణభారము కేంద్రప్రభుత్వ విద్యుత్ సంస్థయగు ఎన్.టి.పి.సి.కి సంక్రమించెను. ఒక్కొక్క కిలోవాట్-గంట విద్యుత్తునకు ముప్పాతిక కిలో బొగ్గు చొప్పున లెక్కించినను, పూర్తి సామర్థ్యముతో నడచిన దినమున పదివేల టన్నులకు పైగా బొగ్గు కావలసియుండెను. మన బొగ్గులో దాదాపు మూడవవంతు బూడిద ఉండును గనుక వేలకొలది టన్నుల బూడిద ప్రతిదినమును మిగిలెడిది. దానిని నీటితో కలిపి గొట్టములద్వారా చెరువులలోనికి పంపెడివారు. ఎండిన చెరువుల బూడిద వేసవి గాలికి లేచి, దాపునున్న కాలనీల ఇండ్లలో పడుట చిరకాలము ఆ ప్రాంతవాసులకు తీరని బాధయై యుండెను. కాలనీలకంటె కేంద్రము మునుపే ఉన్నదను సమాధానము వారి ఊపిరితిత్తులకు ఊరట నీయలేదు.

వాయుకాలుష్యము తీవ్రమగుకొలది ఇంద్రప్రస్థ 2009 చివర, రాజఘాట్ 2015లో, బదర్‌పూర్ 2018 అక్టోబరు 15న ఆగిపోయినవి. ఇంద్రప్రస్థ చెంతనే 2002-03లో నెలకొన్న 330 మెగావాట్ల ప్రగతి కేంద్రము సహజవాయువును మండించును. ఆ మంటవాయువులు తొలుత గ్యాస్ టర్బైన్లను త్రిప్పి, పిదప మిగిలిన వేడితో ఆవిరిని పుట్టించి మరియొక టర్బైనును నడుపును. దాని శీతలీకరణకు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి వాడుట మిక్కిలి అభినందనీయము. ఎండిపోవుచున్న యమునపై అంతమేర భారము తగ్గినది.

నేడు రాజధానికి బొగ్గు విద్యుత్తు వెలుపలినుండియే వచ్చును. 1991లో ఆరంభమైన, ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి కేంద్రపు బొగ్గు విభాగము 210 మెగావాట్ల యూనిట్లు నాలుగు, 490 మెగావాట్లవి రెండు కలిసి 1820 మెగావాట్లకు చేరినది. అచ్చట బూడిదను నీటితో పంపక, పొడిగా తరలించి గుట్టగా పేర్చి పైన గడ్డి, చెట్లు పెంచుట చేసిరి. బదర్‌పూర్ అనుభవము తరువాత ఇది గొప్ప మెరుగుదల. హర్యానాలోని ఝజ్జర్ జిల్లాయందు 500 మెగావాట్ల యూనిట్లు మూడు గల ఇందిరాగాంధీ కేంద్రమును ఎన్.టి.పి.సి., హర్యానా, ఢిల్లీ ప్రభుత్వములు భాగస్వాములై నిర్మించినవి.