సీసా మూతల వస్త్రం: ఎల్ అనాట్సుయి కృషిలో పదార్థ చరిత్ర

పారవేసిన వస్తువులతో వస్త్రసదృశమైన కళారూపాలు సృష్టించిన ఆధునికుల్లో ఎల్ అనాట్సుయి ప్రముఖులు. ఆయనను పరిచయం చేసే రచనల్లో తరచుగా కనిపించే మాట ‘పునర్వినియోగం’. ఆయన ఎన్నుకున్న పదార్థపు చరిత్రను ఈ మాట మరుగుపరుస్తున్నదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

అనాట్సుయి 1944లో నాటి గోల్డ్‌కోస్ట్‌లోని (నేటి ఘానా) అన్యాకోలో ఎవే కుటుంబంలో జన్మించారు. తండ్రి, సోదరులు కెంటే వస్త్రం నేసినవారే. ఆయన మాత్రం కుమాసిలో శిల్పం అభ్యసించి, 1975లో న్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. చాలాకాలం కొయ్యతోనూ మట్టితోనూ పనిచేశారు. 1990ల చివరలో న్సుక్కా పరిసరాల్లో మద్యం సీసాల మూతలున్న సంచి ఒకటి ఆయనకు దొరికింది.

అల్యూమినియం మూతలను చదును చేసి, మడిచి, అంచులకు రంధ్రాలు పొడిచి, రాగి తీగతో ఒకదానికొకటి ముడివేస్తారు. మగ్గం లేదు, పడుగు పేకలు లేవు. అయినా సన్నని పట్టీలను అంచు కలిపి కుట్టే కెంటే పద్ధతి ఇందులో స్పష్టంగా గోచరిస్తుంది. సహాయకులు సిద్ధం చేసిన ముక్కలను కార్యశాల నేలపై పరచి, మార్చి మార్చి పేర్చిన పిమ్మటే మొత్తం రూపు తేలుతుంది. దూరం నుంచి జరీ వస్త్రంలా మెరిసే ఈ కృతిని సమీపించి చూస్తే మూతలపై మద్యం పేర్లు కనిపిస్తాయి.

ఆ పేర్లే ఇక్కడ కీలకం. ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికాలో మనుషులను కొనడానికి మారకంగా ఇచ్చిన సరుకుల్లో మద్యం ఒకటి. ఆ బానిసలు కరీబియన్ దీవుల్లో పండించిన చెరకు నుంచే రమ్ము తయారైంది. వస్త్రం కూడా ఆ వర్తకంలో నిర్దోషి కాదు. కోరమండల్ తీరపు నూలు బట్టల్లో ఒక రకానికి ‘గినీ బట్ట’ అనే పేరే ఆ వర్తకం వల్ల వచ్చింది. మచిలీపట్నం ఆ తీరంలోనిదే కనుక ఈ ప్రస్తావన తెలుగు పరిశోధకులకు పరాయిది కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ‘పురుషుని వస్త్రం’, ‘స్త్రీ వస్త్రం’ అనే కృతుల్లో మద్యపు మూత వస్త్రంగా మారినప్పుడు, ఒకే ఓడలో ప్రయాణించిన రెండు సరుకులు ఒకచోట చేరాయి.

పాత చీరలతో కుట్టిన బొంతకు ‘పునర్వినియోగం’ సరిపోతుంది. అక్కడ బట్ట బట్టగానే మిగులుతుంది. ఇక్కడ మూత తిరిగి మూత కాదు. ‘రూపాంతరం’ అనడం కొంత మెరుగు.

2007లో వెనిస్‌లో, వస్త్ర రూపకర్త మరియానో ఫార్చునీ నివసించిన ప్రాసాదపు ముఖభాగాన్ని ఆయన కృతి ఒకటి కప్పింది. 2015లో వెనిస్ బియన్నాలే ఆయనకు జీవితకాల సాఫల్యానికి స్వర్ణ సింహ పురస్కారం అందజేసింది. ఈ కృతులకు స్థిరమైన ఆకృతి లేదు. వేలాడదీసిన ప్రతిచోటా మడతలు మారతాయి. 2023లో లండన్‌లోని టేట్ మోడర్న్‌లో ప్రదర్శించిన ‘బిహైండ్ ద రెడ్ మూన్’ మొదటి భాగం ఓడ తెరచాపను పోలి ఉంది. టేట్ అన్నది ఒక చక్కెర వర్తకుని ఇంటిపేరు.