పక్కవాదం: వేలూరు లెక్క నుంచి ఇప్పటిదాకా



మేము చదివింది తమిళ బడిలో. అక్కడ దీన్ని 'పక్కవాదం' అన్నారు, ఇంట్లో అమ్మ 'పక్షవాతం' అనేది. మా చిన్నప్పుడు ఎవరికైనా చెయ్యీ కాలూ పడిపోతే 'తలరాత' అని నూనె రాసి తిన్నె మీద పడుకోబెట్టేవాళ్లు. అది తలలోని రక్తనాళాల జబ్బని స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్ 1658లోనే శవాలను కోసి చూసి రాశారు. ఆ మాట మన వీధికి రావడానికి మూడు వందల ఏండ్లు పట్టింది.

మన పక్కనున్న వేలూరులో డాక్టర్లు ఇల్లిల్లూ తిరిగి లెక్క తీశారు. 1970లో అచ్చయిన ఆ లెక్కలో ఏడాదికి లక్షమందిలో 13 కొత్త కేసులు. 2003-05లో కలకత్తాలో తీస్తే, వయసు సరిచేసి, 145.

రైల్వేలో లెడ్జర్లు చూసినవాళ్లం గనుక ఒక మాట చెప్తాము. ఈ రెండు లెడ్జర్లూ ఒకటి కాదు. వేలూరులో లెక్కపెట్టింది ఒక పక్క పడిపోయినవాళ్లను మాత్రమే. అప్పటికి సీటీ స్కాన్ లేదు, అది మొదటిసారి మనిషికి తీసింది 1971లో, లండన్‌లో. కాబట్టి పదింతలు పెరిగిందని తేల్చకూడదు. 'పట్నం రోగం' అనే మాటా నిలవదు. 2005లో తిరువనంతపురం నగరంలో లక్షకు 135 ఉంటే చుట్టుపక్కల పల్లెల్లో 138.

తగ్గించవచ్చు అనడానికీ లెక్క ఉంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో ఇరవై ఏండ్లలో మొదటిసారి వచ్చే స్ట్రోకులు 29 శాతం తగ్గాయి. ఆ కాలంలోనే అక్కడ బీపీ మందులు వాడేవాళ్లు పెరిగారు, పొగ తాగేవాళ్లు తగ్గారు.

మన భయమంతా రెండోసారి గురించి. 2001లో 6,105 మందితో చేసిన పరిశోధనలో, ఒకసారి వచ్చినవాళ్లకు బీపీ మందులు ఇస్తే మళ్లీ రావడం 28 శాతం తగ్గింది. మన సంఘంలోనే ఒక అన్న, మొదటిసారి తప్పించుకుని, 'ఒళ్లు బాగుంది గదా' అని ఆరు నెలలకే మాత్రలు ఆపేశారు. రెండో దెబ్బకు మాట పోయింది. ఇప్పుడు మేము పోతే చెయ్యి పట్టుకుని ఊరికే చూస్తారు.

అందుకని, మూతి వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా గడియారం చూసి టైం రాసుకోండి, బండి వచ్చిన టైం రాసినట్టు. గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. డాక్టరు చెప్పనిదే మాత్ర మాత్రం ఆపకండి.