భీమునిపట్టణపు సింహముద్ర నాణెము

సముద్రతీరమున దొరకిన నాణెమును గుర్తించుట, భూమిని త్రవ్వి తీసిన నాణెమును గుర్తించుటకంటె కష్టము. త్రవ్వకములయందు దొరకినదానికి పైపొరయు క్రిందిపొరయు సాక్ష్యము చెప్పును. ప్రక్కనున్న కుండపెంకు కాలమును సూచించును. తీరమున దొరకినదానికి అట్టి తోడు లేదు. ఇసుక నిన్నటిది, అల నేటిది. నాణెమొక్కటే తన్నుగూర్చి తాను చెప్పుకొనవలెను. అది చెప్పకమునుపే మనము దానిచేత చెప్పించుట పరిశోధకులకు తరచుగా కలుగు దోషము. ఆ దోషమునకు మేమును లోనైతిమి. ఆ వృత్తాంతమును, నాణెముతోపాటు చర్చకు వచ్చిన ఒక తెలుగు మాటను గూర్చిన విచారమును ఈ వ్యాసమున నివేదింపదలచితిమి.

కొన్ని సంవత్సరములక్రిందట మాయొద్ద పరిశోధన చేయుచుండిన విద్యార్థి యొకడు భీమునిపట్టణమునుండి ఒక రాగిబిళ్లను తెచ్చి చూపెను. గోస్తనీనది సముద్రమున గలియు చోటికి చేరువను, తుపాను వెలిసిన మరునాడు, అతని తండ్రి వల ఆరవేయుచు దానిని ఇసుకలో చూచెనట. “మాస్టారూ, ఇది కొండమీది బౌద్ధుల నాటిదని మా ఊళ్లో పెద్దలు అంటున్నారండి” అని ఆ విద్యార్థి చెప్పెను. బిళ్ల గుండ్రనిది, పలుచనిది. వ్యాసము రెండు సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ, తూకము మూడు గ్రాములకు కొంచెము తక్కువ. ఉప్పునీట నాని పచ్చని చిలుము పట్టియుండెను. ఒకవైపున సింహముయొక్క తలయు, జూలును, ఎత్తిన ముందుకాలును పోల్చుకొనదగియుండెను. రెండవవైపున నడుమ క్రిందికి సన్నగిలిన ఆకృతియొకటి, దానికి ఇరుప్రక్కల చిన్న ఆకృతులు రెండు కనబడెను.

ఊరి పెద్దల మాట నిరాధారమని త్రోసివేయరాదు. భీమునిపట్టణమును ఆనుకొని పావురాళ్లకొండయు, విశాఖపట్టణమునకు పోవు దారిలో తొట్లకొండ, బావికొండలును గలవు. ఇవి మూడును ప్రాచీన బౌద్ధక్షేత్రములు. తొట్లకొండ త్రవ్వకములలో శాతవాహనుల నాణెములును రోమను వెండినాణెములును బయల్పడినవి. ఇట్టి చోట సింహముద్రగల రాగినాణెము దొరకినచో పరిశోధకుని మనస్సు ఎటు పరుగెత్తునో వేరుగ చెప్పనక్కరలేదు. 5, 6 శతాబ్దములలో ఆంధ్రదేశము నేలిన విష్ణుకుండినుల నాణెములపై ముందుకా లెత్తి నిలిచిన సింహము కనబడును. వెనుకవైపున రెండు దీపస్తంభములనడుమ పూర్ణకలశ ముండును. మా బిళ్లపై సింహ మున్నది. వెనుక నడుమ నొకటి, ప్రక్కల రెండును గలవు. ఇంకేమి కావలెను? అది విష్ణుకుండినుల నాణెమేయని నిశ్చయించి, కాగితపుముక్కపై అట్లే వ్రాసి, బిళ్లను విభాగపు బీరువాలో ఉంచితిమి. ఆ విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున విష్ణుకుండినుల నాటి సముద్రవ్యాపారమును గూర్చిన ప్రకరణమును ఈ బిళ్లనే ఆధారముగా జేసికొని వ్రాయనారంభించెను. మేము వారింపలేదు సరికదా, ప్రోత్సహించితిమి.

సందేహము బిళ్లయొక్క అంచునుండి పుట్టినది. విష్ణుకుండినుల నాణెములు మందమైనవి. ఒకదానితో నొకటి ఆకారమున సరిపోలవు. ఇదియో, పలుచని రేకును యంత్రముతో కోసినట్లు సమముగా నుండెను. పిమ్మట సింహమును మరల పరిశీలించితిమి. విష్ణుకుండినుల సింహము నేలపై నాలుగు కాళ్ల జంతువుగా ప్రక్కకు తిరిగి నిలుచును. ఈ సింహమునకు నడుము క్రింద శరీరమే లేదు. ఆ చోట అడ్డముగా వంకరగీతలు గలవు. అరిగిపోయినందున వెనుకభాగము చెడినదని మొదట సమాధానపడితిమి. కాని అరుగుదల సగము జంతువును తినివేసి, దాని క్రిందనే చక్కని గీతలను మిగుల్చునా?

అప్పుడు చేయవలసినది మొదటనే చేయవలసియుండెను. ఆమ్లముతో కడుగక, ఇసుకతో తోమక, బిళ్లను మెత్తని కుంచెతో తుడిచి, కిటికీయొద్ద ఉదయపుటెండ ఏటవాలుగా పడునట్లుంచి, త్రిప్పిత్రిప్పి చూచితిమి. పలుచని కాగితము పైనుంచి సీసపుకడ్డీతో అచ్చు తీసితిమి. నెత్తిన పడు వెలుతురులో కానరాని పల్లములు ఏటవాలు వెలుతురులో నీడ తేలి బయటపడినవి. సింహముచుట్టును డాలు ఆకృతియు, దానిపై కిరీటమును కనబడెను. మేము కలశమని తలచినది లాటిను లిపిలోని ‘వి’ అక్షరము. ఎడమ దీపస్తంభము దాని ఎడమకాలిపై చుట్టిన ‘ఓ’. కుడి దీపస్తంభము కుడికాలిపై వేసిన ‘సి’. అన్నిటికంటె క్రింద 1, 7 అను అంకెలు స్పష్టముగా నుండెను. తక్కిన రెండంకెలను ఉప్పునీరు తినివేసినది.

ఈ మూడక్షరముల కూర్పు 1602లో స్థాపితమైన డచ్చివారి ఐక్య తూర్పిండియా వర్తకసంఘముయొక్క చిహ్నము. ఆ పేరులోని పదముల మొదటి అక్షరములే అవి. డాలు ఏ సీమదో తెలిసికొనుట సులభము. డచ్చి రాష్ట్రములు వేర్వేరుగ నాణెములు ముద్రించుచు, తమ తమ లాంఛనములను వానిపై వేసికొనెడివి. హాలండు నాణెములపై సింహము పూర్ణశరీరముతో వెనుకకాళ్లపై నిలుచును. జీలండు లాంఛనమున సింహము అలలనుండి సగము పైకి లేచుచుండును. సముద్రముతో నిరంతరము పోరాడి నేలను నిలుపుకొన్న సీమ యగుటచే ఆ లాంఛనము వారికి తగియున్నది. మాకు వంకరగీతలుగా తోచినవి అలలు. సింహమునకు నడుము క్రింద శరీరము లేకపోవుటకు కారణము అదియే. కావున ఇది జీలండు రాష్ట్రపు ముద్రాలయమున సంఘముకొరకు ముద్రితమైన డొయిట్టు అను రాగినాణెము. సంఘపు చిహ్నముగల డొయిట్టులను డచ్చిదేశమున 1726 మొదలు 1794 వరకు ముద్రించిరి. మూడవ, నాలుగవ అంకెలు పోయినను కాలము ఈ రెండు సంవత్సరములనడుమ చిక్కినది. విష్ణుకుండినులకును దీనికిని పండ్రెండు శతాబ్దముల దూరము.

ఆ చిహ్నమును నాణెముపై వేయుటకు కారణమును తెలిసికొనదగినదే. డచ్చిదేశమున ఎనిమిది డొయిట్టులు ఒక స్టైవరునకు సమానము. జావా మొదలగు తూర్పుదీవులలో నాలుగే ఒక స్టైవరునకు చెల్లెడివి. స్వదేశమున కొన్న రాగినాణెమును ఓడలో వేసికొని పోయినచో, తీరము దాటుటతోనే వెల రెట్టింపు. నావికులును ఉద్యోగులును ఈ లాభమును విడువరైరి. ఈ దొంగవ్యాపారము నరికట్టుటకై సంఘము తన చిహ్నముగల నాణెములను వేరుగ ముద్రింపించి, తూర్పున అవియే చెల్లునని శాసించెను. మేము దీపస్తంభములని భ్రమపడిన అక్షరములు అట్లు వచ్చినవి.

ఇది భీమునిపట్టణమునకు ఎట్లు చేరెను? మన పూర్వులు వలందావారని పిలిచిన డచ్చివారు 1605లో మచిలీపట్టణమునకు వచ్చిరి. ఆ పట్టణమున వలందపాలెమను పేట నేటికిని వారిని స్మరింపజేయుచున్నది. 1610లో పులికాటునను, తరువాత పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణము మొదలగు చోట్లను వారు స్థావరము లేర్పరచుకొనిరి. భీమునిపట్టణమున వారి సమాధులు 17, 18 శతాబ్దముల తేదీలతో నిలిచియున్నవి. 1824 నాటి సంధి ననుసరించి 1825లో ఆ స్థావరము ఆంగ్లేయుల వశమైనది. ఈ తీరపు నేతబట్టలు బటేవియాకును, అచ్చటినుండి సుగంధద్రవ్యములు ఇచ్చటికిని వచ్చుచుండెడివి. సింహళమున డచ్చివారి యేలుబడిలో డొయిట్టు లు వాడుకలో నుండెను. కావున ఇట్టి బిళ్ల ఈ రేవునకు వచ్చుటలో వింత లేదు.

అయినను ఇచ్చట మరల జాగ్రత్త వలయును. పులికాటునందును నాగపట్టణమునందును డచ్చివారు ఈ తీరపు వాడుకకై నాణెములు ముద్రించిరి; వానిపై జీలండు డాలు వంటి రాష్ట్రలాంఛనము లుండవు. మా నాణెము తూర్పుదీవులకొరకు పుట్టినది. ఒక్క బిళ్ల దొరకుటచేత భీమునిపట్టణపు బజారులో డొయిట్టులు చెల్లెనని చెప్పరాదు. ఓడ మునిగెనని చెప్పుటకు అంతకంటెను వీలులేదు. నావికుని సంచినుండి జారినది కావచ్చును. పాతరాగిగా తూకమునకు వచ్చినది కావచ్చును. తీరపు నాణెము తా నెవ్వరిదో, ఎప్పటిదో, ఎచ్చట పుట్టినదో చెప్పగలదు. తా నెప్పుడు పోయినదో, ఏల పోయినదో చెప్పలేదు. మొదటి మూడిటిని దానినుండియే గ్రహింపవలెను. తక్కిన రెంటికి ఇతరసాక్ష్యము వలయును.

నాణెపు పేరు వినగనే మా సహాధ్యాపకులలో నొకరు, “డొయిట్టే మన దుడ్డు, మాటకూడ ఆ ఓడలోనే వచ్చినది” అనిరి. ఈ తలంపు క్రొత్తది కాదు. మదరాసు విశ్వవిద్యాలయమువారి తమిళ నిఘంటువు ‘తుట్టు’ అను మాటకు డచ్చి మాటనే మూలముగా చూపినది. ధ్వనియు దగ్గర, అర్థమును దగ్గర, చరిత్రయు అనుకూలము. కాని కలశమును దీపస్తంభములును మాకు ఇంతకంటె దగ్గరగానే తోచినవి! కావున మాటనుగూడ ఏటవాలు వెలుతురులో చూడవలెను.

మొదటి విషయము: తమిళమున ద్విత్వమైన నాదాక్షరములు లేవు. మన ‘వడ్డి’ వారికి ‘వట్టి’ యగుట అందరెరిగినదే. కావున తెలుగు కన్నడములలోని ‘దుడ్డు’ తమిళమునకు పోయినచో ‘తుట్టు’ కాక మరియొకటి కాదు. డచ్చినుండి తుట్టు, తుట్టునుండి దుడ్డు అను క్రమమునకు ధ్వని యెంత సాక్ష్యమో, దుడ్డునుండి తుట్టు అను క్రమమునకును అంతే సాక్ష్యము. రెండవది: సముద్రముపై వచ్చిన మాట సముద్రతీరమున బలముగా నుండవలెను. డచ్చివారు శతాబ్దములపాటు మెలగిన కృష్ణా, గోదావరి, విశాఖ మండలములలో జనుల మాట ‘డబ్బు’. ‘దుడ్డు’ రాయలసీమయందును, దానికి పొరుగున వారి స్థావరములు లేని లోపలి కన్నడదేశమునందును నిత్యవ్యవహారము. పులికాటునుండి తమిళముద్వారా లోనికి వచ్చెనని సమాధానము చెప్పవచ్చును గాని, అది చూపవలసిన దారి, చూపిన దారి కాదు. మూడవది: ‘దుడ్డుకర్ర’ యను మాటలో దుడ్డు మోటుదనమును, లావును తెలుపును. పూర్వపు రాగికాసులు మందమైన ముద్దలు. వానికి ఆ పేరు మనవారే పెట్టిరను ఊహకును తావున్నది.

ఇందు ఏ పక్షమును మేము సిద్ధాంతముగా చెప్పుట లేదు. పరీక్షను మాత్రము చెప్పుచున్నాము. డచ్చివారు తీరమున దిగిన 1605కు పూర్వపు శాసనమునందు గాని, కాలనిర్ణయమైన గ్రంథమునందు గాని, ‘దుడ్డు’ నాణెమను అర్థమున ఒక్కచోట కనబడినను డచ్చిమూలవాదము నిలువదు. ఆ తరువాతనే కనబడినచో ఆ వాదము బలపడునే గాని ఋజువు కాదు. కైఫీయతులును, రాయలసీమ శాసనములును, కన్నడ దాఖలాలును ఈ దృష్టితో వెదకదగినవి. ఒక పరిశోధకుడు రెండేండ్లు పూనుకొన్నచో తేలగల విషయమిది.

బీరువాలోని కాగితపుముక్కను మార్చితిమి. ఆ విద్యార్థి తన ప్రకరణమును కొట్టివేసి మరల వ్రాసెను. సిద్ధాంతవ్యాసము ఆరునెలలు ఆలస్యమైనది. ఆ కష్టమునకు కారణము అతని తొందర కాదు, మా ప్రోత్సాహము. ఆ సంగతిని ఇచ్చట వ్రాసి యుంచుట న్యాయమని తోచినది. నాణెము వచ్చినప్పుడు మేము మొదట అడిగిన ప్రశ్న “ఇది ఎవరిదై యుండును?” అనునది. అడుగవలసినవి వేరు: లోహ మేది? తూక మెంత? అంచు ఎట్టిది? ఏ గీత ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నది? ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొన్న పిదపనే రాజవంశముల పేర్లు తలపవలెను. తీరప్రాంతపు విద్యార్థులు ఇట్టి బిళ్లలను తెచ్చినచో, దొరకిన చోటును, దినమును, దొరకిన రీతిని ముందుగా వ్రాయించి, బిళ్లను తోమక మాకు చూపవలెనని కోరుచున్నాము. ‘దుడ్డు’ అను మాట పాతకాగితములలో కనబడినచో, ఆ కాగితపు తేదీతోకూడ తెలుపవలెనని ప్రార్థించుచున్నాము.