ఖరిదా పెరటిలో సంపెంగ

మాగ్నోలియా అనగానే తెలుగు పాఠకునికి ఏదో విదేశీ ఉద్యానపుష్పం స్ఫురిస్తుంది. కాని మన సంపెంగ ఆ కుటుంబానికి చెందినదే. 1753లో లిన్నేయస్ దీనికి ఫ్లారెన్సు నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు మికేలి పేరిట మైకేలియా చంపకా అని నామకరణం చేశాడు. ఆధునిక వర్గీకరణ మైకేలియాను తొలగించి మాగ్నోలియాలో కలిపింది. మికేలి పేరు పోయినా, సంస్కృత చంపకం మాత్రం చెక్కుచెదరలేదు. పెరటి చెట్టుగా ఈ సంపెంగ కోరే కాలాన్నీ, స్థలాన్నీ పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారి చరిత్ర పక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు తెలియవస్తాయి.

1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన కూడలిగా ఎంచుకున్నది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తయి ఈ కూడలికి హౌరాతో సంబంధం ఏర్పడింది. తూర్పు తీరపు మార్గంలో కటకం నుండి వాల్తేరు వరకు గల భాగం 1902లో ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. ఆ పట్టాల వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల శ్రామికులు వర్క్‌షాపు పనులకు తరలివెళ్లారు. వారు విడిచి వచ్చిన సీమలో సింహాచలం కొండ సంపెంగలకు ప్రసిద్ధి.

ఆ మార్గంలో మొక్కల విద్య అంతకు శతాబ్దం ముందే ప్రయాణించింది. సామర్లకోటలో ప్రయోగాత్మక తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానానికి అధిపతియై వెళ్లాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన వెలువరించిన గ్రంథ సంపుటాలలో మన మొక్కల తెలుగు పేర్లు నమోదై ఉన్నాయి. శిబ్‌పూర్ తోట చరిత్రలో ఈ గోదావరి మండలపు అధ్యాయానికి దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదనే చెప్పాలి.

రైల్వే ఉద్యోగికి కంపెనీ ఇచ్చేది క్వార్టరు. అది ఉద్యోగంతోపాటు వచ్చి, ఉద్యోగంతోపాటు పోతుంది. గింజ నుండి మొలిచిన సంపెంగ పూయడానికి సుమారు 8 నుండి 10 ఏళ్లు పడుతుంది. అనుకూలమైన చోట వంద అడుగులకు పైగా పెరుగుతుంది. బదిలీకో పదవీ విరమణకో ఇల్లు ఖాళీ చేయవలసినవాడు దానిని నాటితే, పువ్వు కోసేది తరువాత వచ్చే కుటుంబమే. బంతి, చేమంతి, మల్లె వంటివి ఆ ముంగిళ్లకు సరిపోతాయి. సొంత నేల ఉన్నప్పుడే సంపెంగ ఆలోచన సాగుతుంది. విరమణానంతరం స్వగ్రామానికి మరలక ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలకు ఖరిదా వంటి పేటలు అటువంటి నేలను ఇచ్చాయి. ఆ పేరు ఎట్లు వచ్చినా, తెలుగు చెవికి అందులో ‘ఖరీదు’ వినిపిస్తుంది. పక్కనే ఉన్న మలంచ పేరుకు వంగభాషలో పూలతోట అని అర్థం. ఈ స్థిరనివాసానికి ప్రభుత్వ గుర్తింపు రావడానికి చాలాకాలం పట్టింది: తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినది 2020 డిసెంబరులో.

సంపెంగకు తెలుగు సాహిత్యంలో ఉన్న స్థానం ప్రత్యేకమైనది. తుమ్మెద దాని దరి చేరదన్నది కవిసమయం. ఆ అవమానంతో తపస్సు చేసి స్త్రీ నాసికగా మారిందన్న పద్యం వల్లనే నంది తిమ్మన ముక్కు తిమ్మన అయినాడని ప్రతీతి. శాస్త్రజ్ఞులు చెప్పేది విచిత్రంగా దీనికి దగ్గరగా ఉంటుంది. మాగ్నోలియాల వంశం తేనెటీగలకన్న పురాతనమైనది. దాని పూలలో పరాగసంపర్కం ప్రధానంగా పెంకుపురుగుల వలన జరుగుతుంది.

బెంగాల్‌లో మొక్క కొనే తెలుగువారికి పేర్ల చిక్కు తప్పదు. మన సంపెంగ అక్కడ స్వర్ణచాంపా. కాఠాలి చాంపా అంటే మన ఆకుసంపెంగ, అది సీతాఫలం కుటుంబానిది. మన నేలసంపెంగ రజనీగంధ అవుతుంది. మెక్సికో నుండి వచ్చిన ఆ దుంపమొక్కను కోలాఘాట్, పాంశ్‌కురా ప్రాంతాలలో విస్తారంగా సాగు చేస్తారు. అమెరికా నుండి వచ్చిన తెల్లని పెద్దపూల మాగ్నోలియా ఉదయపద్మం. ఆ పేరు రవీంద్రుడు పెట్టినదని చెబుతారు.

ఖరగ్‌పూర్ ఎర్రని లాటరైట్ నేలలో నీరు ఇంకిపోవడం సంపెంగకు అనుకూలమే, వేరు దగ్గర నీరు నిలిస్తే అది బతకదు. ఎండాకాలంలో మాత్రం లేతమొక్కకు తడి, మొదట్లో ఆకుల ఎరువు తప్పనిసరి. గింజలు తాజావై ఉండాలి; పైనున్న ఎర్రని గుజ్జు కడిగి వెంటనే నాటకపోతే మొలకెత్తే శక్తి త్వరగా నశిస్తుంది. గోడ నుండి దూరం పాటించలేని చిన్న పెరళ్లకు అంటుమొక్కే మేలు. అది రెండు మూడేళ్లకే పూస్తుంది, కొమ్మలు కత్తిరిస్తే అదుపులో ఉంటుంది. తెల్లసంపెంగ సాధారణంగా గింజ కట్టదు గనుక దానికి అంటు తప్ప వేరే మార్గం లేదు. దానిని పెద్ద కుండీలో కూడా కొన్నేళ్లు పెంచవచ్చు, ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు.