వానాక్రై

వానాక్రై 2017 మే 12న బయటపడిన ర్యాన్సమ్‌వేర్. కొద్ది రోజుల్లోనే దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెర మీద ఎర్రటి హెచ్చరిక చూపేది. మూడు రోజులు దాటితే 600 డాలర్లు, వారం దాటితే ఫైళ్లు ఇక దక్కవని బెదిరింపు.

అంతవరకు ర్యాన్సమ్‌వేర్ చాలా సందర్భాల్లో ఈమెయిల్‌లో వచ్చిన లింకునో ఫైలునో ఎవరైనా తెరిస్తేనే లోపలికి వచ్చేది. వానాక్రైకి ఆ అవసరం లేదు. ఇది వార్మ్, అంటే తనంతట తానే పాకుతుంది. విండోస్ యంత్రాలు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ తొలి వెర్షన్‌లో ఒక లొసుగు ఉంది. 445 పోర్టు తెరిచి ఉన్న యంత్రం దొరికితే అందులోంచి దూరి, మళ్లీ అక్కడి నుంచి ఇతర యంత్రాలను వెతుక్కునేది. ఈ దారి అమెరికా జాతీయ భద్రతా సంస్థ నుంచి దొంగిలించిందేనని మైక్రోసాఫ్ట్ బహిరంగంగా చెప్పింది. 'ఎటర్నల్‌బ్లూ' పేరున్న ఆ ఆయుధాన్ని 'షాడో బ్రోకర్స్' ముఠా ఏప్రిల్ 14న అందరి ముందూ పెట్టింది.

బాధాకరమైన సంగతేమిటంటే, లొసుగును పూడ్చే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. దాడికి 59 రోజుల ముందు. పాత విండోస్ ఎక్స్‌పీకి మాత్రం అప్పుడు ఇవ్వలేదు, దాడి మర్నాడు ఇచ్చారు. కానీ సోకినవాటిలో అత్యధికం ప్యాచ్ అందుబాటులో ఉన్న విండోస్ 7 యంత్రాలే. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌కు చెందిన 236 ట్రస్టుల్లో 81 దెబ్బతిన్నాయి, సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. రోగి ఎదురుగా ఉండగా రికార్డు తెరుచుకోని పరిస్థితి అది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి.

దాడికి అడ్డుకట్ట పడింది బ్రిటన్ పరిశోధకుడు మార్కస్ హచిన్స్ చేతుల్లో. కోడ్‌లో అర్థంలేని అక్షరాల వెబ్ చిరునామా ఒకటి ఆయనకు కనిపించింది. ఎవరి పేరునా లేని ఆ చిరునామాను దాదాపు 10 డాలర్లకు నమోదు చేశారు. దాని నుంచి జవాబు వస్తే ఆగిపోయేలా వార్మ్‌ను దాని సృష్టికర్తలు రాశారని ఆ తర్వాతే తేలింది. అప్పటికే తాళం పడ్డ ఫైళ్లకు మాత్రం దీనివల్ల మేలు జరగలేదు.

దాడి ఉత్తర కొరియా పనేనని అమెరికా, బ్రిటన్ 2017 డిసెంబరులో ప్రకటించాయి. అంతకుముందే, వానాక్రై వచ్చిన నెలన్నరకు, జూన్ 27న నాట్‌పెట్యా అనే మరో మాల్వేర్ ఇదే లొసుగును వాడుకుంటూ విరుచుకుపడింది. అప్పటికీ ప్యాచ్ వేయని యంత్రాలు దానికి దొరికాయి.