పుల్లల చక్రం, ట్రాక్టరు చక్రం

ఇప్పుడు చక్రం వంగితే తీసి అవతల పారేసి కొత్తది ఎక్కిస్తున్నరు. మా చిన్నతనంల అట్ల లేకుండె. సైకిలును వాకిట్ల తలకిందులు చేసి, సీటు, హ్యాండిలు నేలకు ఆనించి, దాని ముంగట పీట ఏసుకొని కూసునేటోళ్ళం. ఆదివారం పొద్దున చిక్కడపల్లి గల్లీలల్ల తిరిగితే నాలుగిండ్లకు ఒక సైకిలు చక్రాలు పైకి పెట్టుకొని కనబడేది. గల్లీ అంతా కిరసనాయిలు వాసన. ఆ వాకిళ్ళు ఇప్పుడు యాడున్నయి? అన్నీ అపార్టుమెంట్ల కింద పోయినయి. ఆర్టీసీ చౌరస్తా, చిక్కడపల్లి, నారాయణగూడ అని మెట్రో స్టేషన్లు వరుసగ వచ్చినయి. 2020ల ఆ మెట్రో లైను మొదలైనంక, ఒకప్పుడు సైకిలు మీద పోయిన తొవ్వనే ఇప్పుడు పైనుంచి చూసుకుంట పోతున్న.

మా నాయినకు రాలీ సైకిలుండె. దాన్ని మేం ముట్టుకోవద్దు. మాకు దిక్కు సైకిల్ టాక్సీనే. టాక్సీ అంటే మీటరు తిరిగే కారు అనుకునేరు. గంటకింత అని కిరాయికి సైకిళ్ళిచ్చే దుకాణానికి అదే పేరు. నారాయణగూడ దిక్కు పోయే తొవ్వల ఒకటుండె. నడిపేటాయనను అందరం ఉస్తాద్ అనేటోళ్ళం. పొట్టి పోరగాండ్లకు సీటు అందదు గనక, నడిమి కడ్డీ కిందికెల్లి కాలు అవతలికి పెట్టి ఖైంచీ తొక్కుడు. సీటు ఎక్కినోడు గల్లీల మొనగాడు.

ఒక వానకాలం మా పెద్దన్న నాయిన సైకిలు తీస్కపోయిండు. హుస్సేన్ సాగర్ మత్తడి నీళ్ళు పోయే నాలా ఉన్నది గదా, అశోక్ నగర్ పక్కకెల్లి పోయేది, దాని కాడ బురదల జారి బండరాయికి గుద్దిండు. మనిషికేం కాలే, ముందు చక్రం మాత్రం అప్పడం లెక్క మెలి తిరిగింది. నడిపిద్దామంటే ఫోర్కుల ఇరుక్కుంటది. సైకిలు ముందు భాగం లేపి పట్టుకొని, ఎనుక చక్రం మీద నడిపిచ్చుకుంట తెచ్చిండు. మా నాయిన తిట్టలే. ఉస్తాద్‌ను ఇంటికి పిల్సుకరమ్మన్నడు. దుకాణంల చేపిస్తే పిల్లలకు తెల్వదు, కండ్ల ముంగట చెయ్యాలె అని ఆయన లెక్క.

ఆ పొద్దు నేర్సుకున్నది చెప్త, ఇనుండ్రి. మన దేశపు పెద్ద సైకిలుకు ముందు చక్రానికి 32 పుల్లలు, ఎనుక దానికి 40. తొక్కేటోని బరువు ఎనుకనే ఎక్కువ పడ్తది గనక అక్కడ ఎనిమిది ఎక్కువ. సగం పుల్లలు హబ్బుకు కుడి దిక్కు, సగం ఎడమ దిక్కు. కుడివి రిమ్మును కుడికి గుంజుతయి, ఎడమవి ఎడమకు గుంజుతయి. రెండు దిక్కుల గుంజుడు సమానంగ ఉన్నన్ని దినాలు చక్రం సక్కగ తిరుగుతది. అందుకే చిన్న వంపు మీద సుత్తెతోని కొడితే నిలవదు. గుంజుడు సరిచెయ్యాలె.

ఉస్తాద్ ముందుగాల మోకాలు పెట్టి, రెండు చేతులతోని రిమ్మును ఒత్తి పెద్ద మెలిక తీసిండు. తర్వాత జేబులకెల్లి సుద్దముక్క తీసిండు. ఫోర్కు కడ్డీకి చెయ్యి ఆనించి, సుద్దను రిమ్ముకు ఇంచు మించు తగిలేటట్టు పట్టుకొని చక్రాన్ని తిప్పిండు. రిమ్ము ఏ జాగల బైటికి ఉబ్బిందో ఆ జాగలనే తెల్లగీత పడ్డది. కుడి దిక్కు గీత పడితే, అక్కడి కుడి పుల్లల నిప్పిళ్ళు, అంటే రిమ్ము కాడ పుల్లను బిగిచ్చే చిన్న నట్లు, పావు చుట్టు వదులు చేసుడు, ఎడమ పుల్లలు పావు చుట్టు బిగిచ్చుడు. గీత తుడుసుడు, మళ్ళ తిప్పుడు. గీత పొట్టిగైతది, ఇంకో కాడ కొత్తది లేస్తది, దాన్ని తీసుడు. పావు చుట్టు దాటి తిప్పితే మా అన్న చేతి మీద ఒక్కటి పడేది. ‘జల్దీ నక్కో బేటా’ అనేటోడు.

ఆఖరుకు పుల్లలను ఏలితోని మీటుకుంట పోయిండు. బిగువున్నది టింగుమంటది, వదులున్నది మొద్దుగ పలుకుతది. ఒక దిక్కు పుల్లలన్నీ దగ్గర దగ్గర ఒకటే తీరు పలకాలె. ఆ తర్వాత ఒక పని ఉన్నది, దాన్ని శానామంది మర్శిపోతరు. బిగిచ్చినప్పుడు పుల్ల కొస నిప్పిలు దాటి రిమ్ము లోపలికి పొడుసుకొస్తది. దాన్ని ఆకురాయితోని రాకకపోతే తెల్లారే వరకు ట్యూబు పంచరు. రాకినంక మా అమ్మ పాత చీర అంచు చింపి ఇచ్చింది, దాన్ని రిమ్ము చుట్టు పట్టీ లెక్క చుట్టి మీదికెల్లి ట్యూబు ఏసిండ్రు. పంచరు సంగతి మీకు తెల్సిందే, తొట్టిల నీళ్ళు, బుడగలు, సొల్యూషను. దాని మీద ముచ్చట పెంచ.

గాలి టైరుకు పేటెంటు తీసుకున్న డన్‌లప్ ఒక పశువుల డాక్టరు. 1888ల, ఐర్లాండుల బెల్‌ఫాస్టు అనే ఊర్ల. కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ తొవ్వ మీద ఎగిరెగిరి పడుతుందని రబ్బరు గొట్టంల గాలి నింపి చుట్టిండట. ఆయన సుత గిట్ల ఇంట్ల కూసొని చేసినోడే.

ఇగ ట్రాక్టరు సంగతి. మా అక్కనిచ్చిన బావది నల్గొండ దిక్కు ఊరు, బత్తాయి తోట. చెట్ల నడుమ పెద్ద ట్రాక్టరు తిరిగితే కొమ్మలు ఇరుగుతయని చిన్న ట్రాక్టరు కొన్నడు.

దాని ముందు చక్రం నట్లు వదులైంది చూసుకోక జీతగాడు శానా దినాలు అట్లనే నడిపిండు. అది చాలదన్నట్టు ఒకనాడు గట్టు రాయి మీదికి ఎక్కిచ్చిండు. ముందు చక్రం అంచు లోపలికి మడిగి, ట్యూబు నలిగింది. బావ మిగిలిన చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతోని లేపి, యాక్సిలు కింద మొద్దు దూర్చి చక్రం ఊడదీసిండు. వట్టి జాకీ మీద ఉన్న బండి కింద చెయ్యి పెట్టకుండ్రి, అది ఎప్పుడు జారుతదో చెప్పలేం. ఊడదీసిన చక్రాన్ని బస్సు టాపు మీద ఏసుకొని గౌలిగూడల దిగిండు. అప్పటికింక ఇమ్లీబన్ బస్టాండు లేదు, అది తెరిసింది 1994ల. ఆడికెల్లి రిక్షల చిక్కడపల్లికి. చక్రం సీట్ల కూసున్నది, బావ కాళ్ళ కాడ కూసున్నడు.

ఉస్తాద్ అప్పటికి ముసలోడైండు. టాక్సీ దుకాణం ఎప్పుడో మూసిండు. కబురు పంపితే వచ్చిండు. వాల్ పిన్ను తీసి గాలి మొత్తం ఇడిసినంకనే టైరు మీద చెయ్యి ఏసిండు. సబ్బు నీళ్ళు పోసి, టైరు మీద ఎక్కి తొక్కి అంచు వదులు చేసి, రాడ్లతోని ఊడబెరికినం. మా వాకిట్ల షాబాదు బండలు పరిసి ఉండె. రిమ్మును బండ మీద బోర్లేస్తే యాడ సందు ఉన్నదో కండ్లకు కనబడ్డది. మడిగిన అంచు కింద చింతమొద్దు పెట్టి, మీద చెక్కపేడు పెట్టి, ఆ చెక్క మీద సమ్మెట దెబ్బలు. ఇనుమును సీదా కొడితే గంటు పడ్తది, ఆ గంటు ట్యూబును కోస్తది. ఇక్కడ పుల్లలు లేవు గనక కొట్టుడు తప్పదు, అది సుత ఒక్క కాడ గట్టిగ కాదు, అటుకింత ఇటుకింత. పెద్దోళ్ళం నలుగురం మార్చుకుంట మార్చుకుంట కొట్టినం. మధ్యాహ్నానికి అంచు బండను ఆనింది. బావ మొఖం విచ్చుకున్నది.

ఉస్తాద్ లేవలే. నడిమి ప్లేటును సుత్తెతోని మెల్లగ తట్టిండు. కాచిగూడ స్టేషన్ల బొగ్గు రైళ్ళ కాలంల మనిషి సుత్తె పట్టుకొని డబ్బా డబ్బాకు చక్రాలు కొట్టుకుంట పోతుండె, మేం అది సూడనీకెనే పోతుంటిమి. మంచి చక్రం గంట కొట్టినట్టు మోగుతది, పగిలింది మోగదు. ఆ చప్పుడు ఉస్తాద్‌కు నచ్చలే. బోల్టు బెజ్జాల చుట్టు కిరసనాయిలు రాసి, జరసేపు ఆగి, పొడిగుడ్డతోని శుభ్రంగ తుడిసి, మీద సుద్దపొడి సల్లమన్నడు. సల్లినం. ఒక బెజ్జం కాడికెల్లి ఎంటిక మందంల తడిగీత తెల్లపొడి మీదికి మెల్లగ తేలింది. పగుల్ల దాసుకున్న కిరసనాయిలు బైటికొచ్చుడు అది. బావ ఏలితోని తుడిసిండు, పొడి మళ్ళ సల్లితే గీత మళ్ళ వచ్చింది.

వెల్డింగు చేపిస్తనని బావ పట్టు పట్టిండు. ఉస్తాద్ ఒప్పలే. ముందు చక్రం మీదనే స్టీరింగు, మలుపుల కాడ బలమంతా ఆ ప్లేటు మీదనే పడ్తది, అతికింది పక్కకెల్లి మళ్ళ పగులుతదన్నడు. పైసలు తీసుకొమ్మంటే సుత తీసుకోలే, చాయ తాగి పోయిండు. తెల్లారి సికిందరాబాద్ రాణిగంజ్ పోయి సరిపోయే ఇంకో చక్రం కొనుక్కొచ్చినం. ఎక్కిచ్చేటప్పుడు నట్లు వరుసగ బిగియ్యకుండ ఎదురెదురుగ బిగిచ్చి, ఒక పూట దున్ని మళ్ళొకసారి పానా పెట్టమని బావకు చెప్పి పంపినం. మేం సగం దినం కొట్టి సక్కగ చేసిన చక్రం పాతసామాన్ల దుకాణానికి పోయింది.

మీ ఇండ్లల్ల, ఊర్లల్ల చిన్న ట్రాక్టర్లున్నోళ్ళకు ఇంతే చెప్పుండ్రి. రిమ్ము అంచు వంగితే ఇంట్లనే తీసుకోవచ్చు, భయం లేదు. టైరు ఎక్కిచ్చి ఉండంగ మాత్రం రిమ్మును కాల్చొద్దు, వెల్డింగు పెట్టొద్దు. గాలి ఇడిసినా సరే, లోపల వేడి ఎక్కి టైరు పేలితే మనిషి దక్కడు. బోల్టు బెజ్జం కాడ సుద్ద మీద గీత తేలిందంటే ఆ చక్రం పని అయిపోయినట్టే, కొత్తది కొనాలె.